‘త’ దాటాక

మొదటిరోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కోకందులో మా దూరవిద్య తరగతులు ఏడాదికి రెండుసార్లు, రెండేసి వారాలు జరిగేవి. మిగతా రోజుల్లో ఎవరి పని వాళ్ళది. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే చదువు కోసం ఆ వేసవి ముందు ముప్పై ఇద్దరం చేరాం. చాలామందికి ఇరవై నిండలేదు. ఇనోబత్ అక్కకి ముప్పై ఎనిమిది. దగ్గర్లోనే ఉచ్‌కోప్రిక్‌లో రొట్టెలు కాలుస్తుంది. కుడి ముంజేతి మీద కాలిన మచ్చలు, ఒకదాని మీద ఒకటి. వెనక బల్ల మీద నా పక్కన కూర్చుంది.

మాట్లాడే తీరు నేర్పే మాస్టారు మహ్కమ్ దొమ్లా. పెద్దాయన, గొంతు ఎత్తే మనిషి కాదు. ఒక్కొక్కరూ లేచి మూడు ముక్కలు చెప్పాలన్నారు. పేరు, ఊరు, నేను విద్యార్థిని అన్న మాట. ఆ మూడోది మా ఉజ్బెక్‌లో ఒక్క మాటే. తలబామన్. తలబా అంటే పై చదువుల విద్యార్థి. మన్ అంటే నేను. ఆ నేను మాట చివర్లో వస్తుంది. ముందున్నదంతా దాటితేగాని దొరకదు.

ఇనోబత్ అక్క లేచింది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. కాసేపు ఆగి, “ఒకువ్‌చిమన్,” అంది.

ఒకువ్‌చి అంటే బడిపిల్ల.

ఓల్మస్ అనే అతను ముందు బల్ల నుంచి వెనక్కి తిరిగాడు. “ఏ క్లాసు అక్కా? తెల్ల రిబ్బన్లు ఇంట్లో మర్చిపోయారా?”

గదంతా నవ్వింది. ఆవిడా కొంచెం నవ్వింది. దొమ్లా నవ్వలేదు. మాట సరిచేసి మళ్ళీ చెప్పమన్నారు. ఆవిడ నోరు తెరిచింది. నాలుక పళ్ళ వెనక ఆగిపోయింది. మెడ మీద నరం లేచింది. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. చివరికి, ఇక్కడ చదువుకుంటున్నానండీ అని కూర్చుంది.

తరగతి అయ్యాక ఆవిడని ఉండమన్నారు. నా సంచి బల్ల కింద మర్చిపోయి వెనక్కి వెళ్ళాను. అలా విన్నాను.

“ఎప్పట్నుంచి?” అని అడిగారు దొమ్లా.

“ఊహ తెలిసినప్పట్నుంచి.”

“ఏ అక్షరం?”

ఆవిడ ముందుకి నడిచింది. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ‘త’ అని రాసింది.

దొమ్లా దానికేసి చూస్తూ నిలబడ్డారు. “నత్తి ఉండడం తప్పు కాదమ్మా. మీరు మాట మార్చేశారు. పిల్లలు వారం తిరక్కుండా కనిపెడతారు. టీచరు దేన్నుంచి తప్పించుకుంటుందో దాన్నే పట్టుకుంటారు.”

ఆఖరి రోజున అందరూ మళ్ళీ లేచి చెప్పాలి. ఆవిడ ఆ మాటే చెప్పాలి, ఇంకో మాట కాదు. చెప్పలేకపోతే ఆవిడని గ్రంథాలయం శాఖకి మార్చమని ఆయనే కాగితం రాస్తారు. అక్కడ మాట్లాడే పని తక్కువ అన్నారు. ఆయన అది కోపంతో అనలేదు. ఆవిడ తలూపి, నల్లబల్ల తుడిచి బయటికి వచ్చింది.

ఆ తర్వాత నేను ఆవిడ మాటలు జాగ్రత్తగా వినడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళుగా రొట్టెలు కాల్చే తందిర్ ముందు నిలబడే మనిషి దాని పేరు ఎత్తేది కాదు. పొయ్యి అనేది. మా భాషలో ఉప్పు పేరు త తోనే మొదలవుతుంది. గుడ్డూ అంతే. నాలుగూ, తొమ్మిదీ అంతే. భోజనశాలలో ఉప్పు అడిగేది కాదు. మనుషుల ముందు నుంచి చెయ్యి చాచి తీసుకునేది. మొదట్లో మోటుతనం అనుకున్నాను. ఎవరైనా నాలుగు రొట్టెలకి వస్తే మూడు చేతిలో పెట్టి, ఇదింకొకటి అనేదట.

భర్త పేరు తుర్గున్. దాంతో ఇబ్బంది లేకపోయింది. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే ఆడది మా వైపు లేదు. పిల్లల నాన్నా అంటే సరిపోయింది. ఆవిడ చదువుతానన్నప్పుడు రొట్టెలెవరు కాలుస్తారని అతను ఒక్కసారి అడిగాడు. తర్వాత తనే పొయ్యిలోకి వంగడం నేర్చుకున్నాడు. కనుబొమలు కాలిపోయాయి.

“ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరం దొంగలమే చెల్లీ,” అంది. “నేను మాటలు దాస్తాను. ఆయన మొహం దాస్తాడు.”

చిక్కు కూతురి దగ్గర వచ్చింది. తొలి బిడ్డకి అత్తగారు తోహిరా అని పేరు పెట్టింది. బాలింతరాలు కాదనలేకపోయింది. పన్నెండేళ్ళుగా ఆ పిల్లని అమ్మలూ అనే పిలుస్తోంది. ఇంట్లో అందరూ ముద్దనుకున్నారు. పిల్ల కూడా.

ఈ వయసులో ఈ చదువెందుకని అడిగాను. చిన్నప్పుడు బడిలో ఆవిడది వెనక బల్లేనట. పాఠం అప్పజెప్పే వంతు వస్తే టీచరమ్మ జాలిపడి పక్క పిల్లని లేపేది. తొమ్మిదేళ్ళూ అలాగే దయగా దాటేశారు.

“తిట్టినా బాగుండేది,” అంది. “ఇప్పుడు మా ఊరి బడిలో ఇంకో పిల్ల ఉంది. అదే వెనక బల్ల. నేను గ్రంథాలయంలో కూర్చుంటే ఆ పిల్ల నా దాకా రాదు. నేనే వెళ్ళాలి.”

రోజులు తరిగాయి. అత్తగారు గుడ్డలో చుట్టి కౌజుపిట్ట గుడ్లు పంపింది. మాట ఆలస్యమైన పిల్లలకి పెడతారు. ఇనోబత్ అక్క అందరి ముందూ వాటిని వలుచుకుని తిన్నది. ఓల్మస్‌కి సంగతి తెలిసింది. క్షమించమనలేదు గానీ రోజూ టీ తెచ్చి ఆవిడ ముందు పెట్టేవాడు. నత్తివాళ్ళు పాటలో తడబడరని ఎక్కడో విన్నాడట, పాడమన్నాడు. ఆవిడ పెళ్ళిపాట వరసలో తలబామన్ అంది. ఒక్క చోట కూడా ఆగలేదు. ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నడవాలో పోతున్న దొమ్లా గుమ్మం దగ్గర ఆగారు.

“హాజరు కూడా పాడతారామ్మా?” అని వెళ్ళిపోయారు.

ఆ దారి మూసుకుంది. పదో రోజుకి, పెరట్లో మల్బరీ చెట్ల వెనక ఒంటరిగా ఉన్నప్పుడు మాట వచ్చేది. నేను ఎదురుగా నిలబడగానే పోయేది. పన్నెండో రోజున ఆవిడ ప్రయత్నించడం మానేసింది. పదమూడో రోజు సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉండగా, ఆయన కాగితం రాయడం కంటే నేనే అడిగి మారిపోవడం మర్యాద కదా అంది. బస్సు వచ్చింది.

పద్నాలుగో రోజు ఆవిడ చోటు ఖాళీగా ఉంది. దొమ్లా జాబితా తెరిచారు. మొదటి పేరు పిలిచారు. రెండోది పిలుస్తుండగా తలుపు తెరుచుకుంది. ఆవిడ వచ్చి కూర్చుంది. చేతులకి పిండి ఎండిపోయి ఉంది.

జాబితాలో ఆవిడ పేరు ఆఖరిది. ముప్పై ఒక్క మంది లేచి తలబామన్ అన్నారు. నేనూ అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వచ్చినందుకు సిగ్గేసింది.

ఆవిడ లేచింది. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. ఆగింది.

నాలుక పళ్ళ వెనక్కి వెళ్ళింది. మెడ నరం లేచింది. ముందు వరసలో ఒకమ్మాయి పెదాలు కదిపి మాట అందించబోయింది.

“వద్దు,” అన్నారు దొమ్లా, తల ఎత్తకుండానే.

గోడ గడియారం వినిపించింది. ఓల్మస్ తన బూట్లకేసి చూస్తున్నాడు. ఆవిడ పెదాలు గుండ్రంగా ముడుచుకోవడం చూశాను. ఒ. ఆ బడిపిల్ల మాట అక్కడ సిద్ధంగా ఉంది. తీసుకుంటే అయిపోతుంది.

పెదాలు విడిపోయాయి. నాలుక మళ్ళీ పళ్ళ వెనక్కి వెళ్ళింది.

“త,” అంది. “త. త.”

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం ఇంకా బరువుగా ఉంది.

“త, తల.”

ఊపిరి అందలేదు. మాట చేజారింది. ఆవిడ మళ్ళీ మొదటికి వెళ్ళింది.

“త, త, తలబా.”

అక్కడ నిలబడింది. ఇక మిగిలింది చిన్నది.

“మన్,” అంది మామూలుగా.

దొమ్లా కలం కాగితం మీదే ఉంది. “చాలాసేపు పట్టింది,” అన్నారు.

“అవునండీ.”

“పిల్లలు అంతసేపు ఆగరు.”

“ఆగడం నేర్పుతాను.”

ఆయన తల ఎత్తి ఆవిడని చూశారు. తర్వాత కలానికి మూత పెట్టారు. శీతాకాలం తరగతులకి ఒకటో తరగతి వాచకం తెచ్చుకోమన్నారు, పైకి చదవాల్సి ఉంటుందని. కూర్చోమన్నారు.

ఆవిడ కూర్చుంది. చేతి మీద ఎండిన పిండిని గోటితో గీకింది.

బయటికి వచ్చాక నా ఫోను అడిగింది. ఆవిడదాంట్లో చార్జింగ్ లేదు. పెరట్లో నిలబడి ఇంటికి చేసింది. అవతల ఎవరో ఎత్తారు. ఈవిడ చాలాసేపు మాట్లాడలేదు. పెట్టేస్తారేమోనని నాకు భయమేసింది.

“తో,” అంది. “తో, తోహిరా.”

పన్నెండేళ్ళ గొంతు నాకు కూడా వినిపించింది.

“ఎవరండీ మాట్లాడేది?”

ఇనోబత్ అక్క చెట్టుకి చెయ్యి ఆనించుకుంది.

“మీ అమ్మని,” అంది.

ఆవిడ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, పిల్ల మాట కోసం ఆగింది.