పదో పేరు

ఈ సాయంత్రం దీపం పెట్టి లేచేసరికి ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మంటలార్పడానికి ఊరివాళ్లే కట్టుకున్న దళానికి, పంపు కోసం సర్కారు గ్రాంటుకు అర్జీ రాస్తున్నాడట.

“ఊర్లో ఉండేవాళ్లు పదిమంది కావాలంటక్కా. తొమ్మిదిమందే తేలినారు. కడమోళ్లంతా మీ కువైట్లోనే ఉండారు గదా!”

“పదో పేరు నాది రాయి.”

“మంటలార్పేది నీకేం తెలుసు?”

ఇరాక్ సైన్యం వచ్చిన ఏడాది ఇక్కడి రిగ్గై పేటలో పక్కిల్లు అంటుకుంటే ఫైరింజన్ రాలేదు. నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మేం ‘మామా’ అని పిలిచే ఆవిడతో సహా వీధంతా వరసగా నిలబడి, బకెట్లు అందించుకుని ఆర్పాం. అది చెప్పాను.

“సరేగానీ, నువ్వు ఊర్లో ఉండాల గదక్కా?”

“ఉంటాలే రా.”

ముప్పై ఏళ్లుగా దేవుడికి తప్ప ఎవరికీ చెప్పని మాట అది. రేపు మామాకు ‘ఖలాస్, ఊరికి పోతా’ అని చెప్పాలి. మీరు చెప్పండి, యాభై దాటిన నాలాంటి అక్కను మీ ఊరి దళంలోనైతే చేర్చుకుంటారా?