ప్రార్థన చేయించిన బండి

మొన్న ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని ఫోను తిరగేస్తుంటే మా బాబాయిగారబ్బాయి ఒక రేసు బైకు ఫొటో పంపించాడు. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, పొట్ట ఆనించి వంగి కూర్చునే ట్యాంకు, తోక దగ్గర గాల్లోకి లేచిన బుల్లి సీటు. తీసేసుకుంటున్నాను అన్నయ్యా, ఎలా ఉంది అని కింద ఒక ముక్క. ఏదో టైపు చేశాను, చెరిపేశాను, మళ్ళీ చేశాను. ఇలాంటి బండి కొని, పదిమందికీ చూపించుకుని, తర్వాత ఎవరికీ చెప్పుకోలేక లోలోపల నలిగినవాళ్ళు మన వయసువాళ్ళలో చాలామందే ఉంటారు. అందుకే వాడికి రాయలేనిది మీకు చెప్పుకుంటాను.

నేను హైదరాబాదులో పెరిగినవాణ్ణి. చదువవగానే రొయ్యల మేత అమ్మే కంపెనీలో మొదటి ఉద్యోగం వచ్చి, తీసుకెళ్ళి కోనసీమలో వేశారు. అమలాపురం నుంచి కాట్రేనికోన వెళ్ళే దారిలో, కాలవ పక్కనే మా మేనత్తగారి ఊరు. అత్తయ్య అక్కడి బడిలో టీచరు, ఒక్కతే ఉండేది, నేను ఆవిడ దగ్గరే దిగాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. గట్టు వెంట బడి దాకా నడవలేక, రోజూ పొద్దున్నే పక్కింటి టీచరుగారి స్కూటరు వెనక కూర్చుని వెళ్ళేది. ఆ హారను రెండుసార్లు మోగితే గాని నాకు తెల్లారేది కాదు.

రొయ్యల చెరువుల మీద తిరగడానికి మామూలు బండి చూసుకోమని ఆఫీసులో చెప్పారు, ఫోనులో నాన్న కూడా చెప్పారు. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదుండేది. ఎవరైనా ఒకటి వద్దన్నారంటే ఇక అదే కావాలి. నాన్న మీద అరిచి, ఫోను పెట్టేసి, కాకినాడ వెళ్ళి ఆ ముక్కు బండే తెచ్చుకున్నాను. గట్టు మీద గతుకుల్లో రెండు రోజులు తిరిగేసరికి మణికట్లు వాచాయి, నడుం పట్టేసింది, చక్రంలో బురద ఇరుక్కుని బండి కదలనంది. పుల్లతో ఆ బురద గీక్కుంటుంటే ఒక రొయ్యల రైతు నా చుట్టూ తిరిగి చూసి, "ఏవండీ, దీనికి రెక్కలుండాలి కదండీ, షోరూములో మర్చిపోయేరా?" అన్నాడు. ఇంకొకడైతే కొట్లాట పెట్టుకుందును. ఆయన అంత మర్యాదగా అడిగితే ఏం చెయ్యను?

తిరిగి అమ్మేద్దామని ఆ రోజే అనుకున్నాను. కానీ అప్పటికే కూడిక అయిపోయింది. మా వాళ్ళు క్రైస్తవులు. కొత్త వస్తువు ఏదొచ్చినా పాస్టరుగారిని పిలిచి ఇంటి ముందు కృతజ్ఞతా కూడిక పెట్టుకోవడం అక్కడి అలవాటు. అత్తయ్య వీధి వీధంతా పిలిచి టీలూ కేకు ముక్కలూ పంచింది. పాస్టరుగారు ట్యాంకు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, చాలాసేపు ప్రార్థన చేశారు. ఈ సహోదరి మోకాళ్ళ బాధ చూసి, ఆమెను బడికి చేర్చడానికే ఈ బిడ్డ చేత ఈ వాహనం కొనిపించావు తండ్రీ అన్నారు. వీధంతా ఆమేన్ అంది. నా వేగం కోసం కొనుక్కున్న బండి నా కళ్ళ ముందే అత్తయ్య మోకాళ్ళ బండి అయిపోయింది.

మర్నాడు పొద్దున్న హారను మోగలేదు. పక్కింటి టీచరుగారు మా గుమ్మం ముందు నుంచే తల వంచుకుని వెళ్ళిపోయారు. ఇంట్లోనే బండి ఉండగా ఇంకా తన వెనక ఎక్కమంటే అబ్బాయిగారు చిన్నబుచ్చుకుంటారని ఆవిడ మర్యాద. తనంతట తాను ఆవిణ్ణి అడిగితే నాకు తలవంపులని అత్తయ్య మర్యాద. ఇక మిగిలింది నేనూ, ఆ బుల్లి సీటూ.

ఇంటి దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని మీద నుంచి చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కేది అత్తయ్య. పక్కకి తిరిగి, నా చొక్కా కాలరు గుప్పెట పట్టి, "చర్చి మీద గంట కట్టినచోట కూర్చున్నట్టుందిరా" అనేది. దిగడానికి బడి గేటు దగ్గర ఇంకో కుర్చీ సిద్ధంగా ఉండేది, చుట్టూ పిల్లలు. మొదటి గేరు దాటితే ఆవిడ గుప్పెట నా మెడకి బిగిసేది. ఇంజను వేడి కాళ్ళని కాల్చేది. అరటి గెల వేసుకున్న సైకిలాయన మమ్మల్ని దాటిపోతూ, "నిదానంగా రండి బాబూ, ఏం తొందర లేదు" అని ధైర్యం చెప్పేవాడు. అరుద్దామంటే ఎవరి మీద అరవను? ఆ ఊళ్ళో ఎంత మాటన్నా ఆయ్ అని ఊరుకుంటారు. దూదిలో గుద్దులు గుద్దినట్టుండేది. సీటు మీద కూర్చున్నా, మంచం మీద పడుకున్నా ఆ బండి నన్ను వదిలేది కాదు. ఫోనులో మాత్రం దానికి ఆనుకుని దిగిన నా ఫొటోకి హైదరాబాదు స్నేహితులు లైకులు కొడుతూనే ఉన్నారు.

ముసురు పట్టిన ఒక పొద్దున్న కల్వర్టు దగ్గర వెనక చక్రం జారింది. రెండు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి ఎలాగో ఆపాను గాని, చూస్తే అత్తయ్య వెనక లేదు. కుర్చీ అక్కర్లేకుండానే దూకేసి, నా కాలరు ముక్క చేతిలో పట్టుకుని కల్వర్టు గోడ మీద కూర్చుని ఉంది.

"ఒకటంటాను, కోప్పడవు కదా?"

"చెప్పు అత్తయ్యా."

"నాకీ బండంటే చచ్చేంత భయంరా."

"మరి రోజూ ఎందుకెక్కుతున్నావు?"

"ఊరందరి ముందూ ప్రార్థన చేయించేను. ఇప్పుడు ఎక్కనని ఏ మొహం పెట్టుకుని అనను?"

నాకూ ఇది వద్దు, మొదటి వారం నుంచే వద్దు అన్నాను. అత్తయ్య నన్ను అలాగే చూసి, "ఉప్పు ఎక్కువైతే వీధి చివరికి వినపడేలా అరుస్తావు కదా, ఈ ఒక్కటీ నీ గొంతులో ఇరుక్కుపోయిందా?" అంది. ఆ వానలో ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం.

పాస్టరుగారికి ఆవిడే చెప్పింది. తలుపు చాటున నిలబడి వింటున్నాను. "ఆయ్, మంచి పని చేస్తున్నారండీ. మీరిద్దరూ అటు వెళ్ళినప్పుడల్లా నేను గుమ్మంలో కళ్ళు మూసుకునేవాణ్ణి. ప్రార్థనకనుకున్నారా? చూడలేకండీ" అన్నారాయన. దిండి అనే ఊరి నుంచి ఒకాయన వచ్చి బండి కొనుక్కుని తీసుకుపోయారు. పక్కింటి టీచరుగారు ఆ సాయంత్రమే వచ్చి, "ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే వెళ్తుంటే దారి సాగలేదండీ" అని అత్తయ్య చెయ్యి పట్టుకున్నారు.

ఇప్పుడు నేను మళ్ళీ హైదరాబాదులోనే ఉన్నాను. ఫోనులో ఏం కొన్నా డబ్బా విప్పేది నేనే, నచ్చకపోతే మళ్ళీ కట్టేదీ నేనే. గుమ్మంలోకి ఒక మనిషి వచ్చి తీసుకుపోతాడు. ఎందుకు వద్దన్నారని అడగడు. కొన్నానని ఎవరికీ తెలియదు, తిప్పి పంపానని ఎవరికీ తెలియదు. నా వస్తువు చూసి తమ మోకాళ్ళ నొప్పులు గుర్తుచేసుకునేవాళ్ళు లేరు, నేను చిన్నబుచ్చుకుంటానని తల వంచుకుని వెళ్ళిపోయేవాళ్ళూ లేరు. ఇంత తేలిగ్గా బయటపడిపోవడం మొదట్లో నాకు చాలా నచ్చింది.