పెరటి సందుల్లో రత్నమాణిక్యం

రత్నమాణిక్యాన్ని గైడుగా పెడదామన్నది నేనే. కాబట్టి ఆ ఆదివారం జరిగినదానికి బాధ్యత కూడా నాదే. ముందే ఒప్పేసుకుంటే తర్వాత ఎవరూ నిలదియ్యరు.

నేను రాజమహేంద్రవరంలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. సెలవు రోజుల్లో పదిమందిని వెంటేసుకుని, కోటగుమ్మం నుంచి ఇన్నీసుపేట దాకా పాత ఇళ్ళు చూపిస్తూ నడిపిస్తాను. క్లాసులో అరిచీ అరిచీ నా గొంతు పోయింది. నా బదులు ఎవరున్నారా అని వెతికితే, ముప్ఫై ఏళ్ళు ఆ సందుల్లోనే నెత్తిన గంపతో చేపలమ్మిన రత్నమాణిక్యం గుర్తొచ్చింది. మెడపూసలు అరిగాయని డాక్టరు ఆ గంప దింపించేశాడు. ఇప్పుడది కోడలు ఎత్తుకుంటోంది. ఇంట్లో కూర్చున్న మూడు నెలల్లోనే రత్నమాణిక్యం సగమైపోయింది.

"గంప పోతే పోయిందండి. ఆ సందులు తిరక్కపోతే తిన్న అన్నం అరగట్లేదండి," అంది. నాకు చాలా బాధేసింది. ఎలాగైనా ఈ పని ఇప్పించాలనుకున్నాను.

దానికి అడ్డం పడ్డది శ్యాంబాబు గారు. మా నడకల సంఘానికి ఆయన అధ్యక్షులు. గైడు కార్డు మీద సంతకం ఆయనది. "చేపలమ్మే మనిషికి చరిత్రేం తెలుసండి? సరే, ఒకసారి నేనూ నడిచి చూసి చెబుతాను," అన్నారు. ఈయన గురించి ఇంకో సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట తన షష్టిపూర్తిలో మైకు పట్టుకుని, తానూ తన భార్యా ఆ రోజు నుంచి నీచు మానేస్తున్నామని ప్రకటించారు. పక్కనే పట్టుచీరలో కూర్చున్న సంపూర్ణమ్మ గారికి ఆ విషయం తెలిసింది కూడా ఆ మైకులోనే.

ఆదివారం ఉదయం ఏడింటికి శ్యాంబాబు గారితో కలిపి పన్నెండుమంది వచ్చారు. వారం రోజులు కూర్చోబెట్టి నేర్పిన తేదీలన్నీ రత్నమాణిక్యం తడబడకుండా అప్పజెప్పింది. నేను చూసుకోనిది ఒక్కటే. చేప ఎప్పుడూ వీధి గుమ్మంలోంచి ఇంట్లోకి వెళ్ళదు, పెరటి గుమ్మంలోంచే వెళుతుంది. రత్నమాణిక్యం కాళ్ళకి తెలిసిన ఊరంతా పెరటి వైపే ఉంది.

మొదటి మలుపులోనే మమ్మల్ని సందులోకి తిప్పేసింది. చెక్కడపు స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు అన్నీ అటువైపు ఉండిపోయాయి. ఇటువైపు మేం ఆరేసిన బట్టల కింద నుంచి వంగి నడుస్తున్నాం. ఆపుదామంటే నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. చేతులు ఊపాను. మెచ్చుకుంటున్నాననుకుని ఇంకా హుషారుగా నడిచింది.

"ఇది ప్లీడరు గారి నూతిగోడండి. ఆ గీత చూశారా? పెద్ద వరదలో నీళ్ళు అందాకా వచ్చాయని మామ్మగారు మేకుతో గీశారండి. ఆ మేకు ఇక్కడే ఉండాలండి," అంటూ చూరులో చెయ్యిపెట్టి తీసి చూపించింది. అందరూ ఫోన్లు తీశారు. ఆ ఇంటి ముందు ఎన్నిసార్లో ఉపన్యాసం ఇచ్చాను, ఆ గీత మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఒళ్ళు మండింది, సంతోషంగానూ ఉంది.

నాలుగో ఇంటి దగ్గర మా వైపు తిరిగి చెబుతూ చెబుతూ, అలవాటు కొద్దీ పక్కనున్న ఆకుపచ్చ తలుపు గొళ్ళెం రెండుసార్లు ఆడించింది. తలుపు కాస్త తెరుచుకుని, ఖాళీ స్టీలు గిన్నెతో ఒక చెయ్యి బయటికొచ్చింది.

"ఇంత ఆలస్యమేంటే అమ్మాయ్? పులస దొరికిందా? ఆయన చరిత్ర చూడ్డానికెళ్ళారు, తొమ్మిదిదాకా రారు. ఇచ్చేసి వెళ్ళు."

ఆ గొంతు సంపూర్ణమ్మ గారిది. గొళ్ళెం ఆడించింది చేపలు తెచ్చే కోడలనుకున్నారు. పుట్టి బుద్ధెరిగి పెరటి సందు తొక్కని శ్యాంబాబు గారికి, అది తన ఇల్లేనని అప్పుడే తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. తలుపు పూర్తిగా తెరుచుకుంది. సంపూర్ణమ్మ గారు ఆయన్ని చూశారు, మమ్మల్ని చూశారు. గిన్నె మాత్రం దించలేదు. ఆయన గిర్రున తిరిగి రత్నమాణిక్యం మీద పడ్డారు. "అందరి చరిత్రా చెబుతున్నావుగా, మా ఇంటిదీ చెప్పు. చెబితేనే సంతకం."

రత్నమాణిక్యం కొంగు సర్దుకుంది. "చెప్పనండి. ఎవరింటికి ఏ చేప ఇచ్చామో బయట చెబితే మా పని ఒక్కరోజు సాగదండి. కార్డు ఇవ్వకపోతే మానెయ్యండి. అమ్మగారిదీ చెప్పను." ఆయన వైపు చూసి, "అయ్యగారిదీ చెప్పనండి," అంది.

"అయ్యగారిదేంటి?" అన్నారు సంపూర్ణమ్మ గారు.

శ్యాంబాబు గారు నేల చూపులు చూశారు. "గురువారాలు... స్నేహితుడు లోకనాథ్ వాళ్ళింట్లో తింటున్నాను," అని గొణిగారు.

"గురువారం భజనకి కదండీ వెళ్ళేది?"

ఆవిడ ఒక అడుగు ముందుకొచ్చి, "పులుసు బాగుంటుందా అక్కడ?" అని అడిగారు.

"నీ చేతి పులుసులా ఉండదు," అన్నారాయన. ఈ రెండేళ్ళలో ఈ విషయంలో ఆయన నిజం చెప్పడం నేను విన్నది అదే మొదటిసారి, అదీ మైకు లేకుండా. సంపూర్ణమ్మ గారు నవ్వుతూ ఆ గిన్నె బోర్లించి పట్టుకున్నారు. ఆయన జేబులోంచి కార్డు తీసి, దానిమీదే పెట్టి సంతకం చేశారు.

రత్నమాణిక్యం కార్డు జాకెట్టులో దోపుకుని మా వైపు తిరిగింది. "ఇంకా అయిదిళ్ళున్నాయండి. ఇక్కణ్ణుంచి అందరూ కాస్త గట్టిగా దగ్గుతూ రండి. లోపలివాళ్ళకి ముందే తెలియాలి కదండీ."

ఇన్నీసుపేట దాకా అందరం దగ్గుతూనే నడిచాం. మేం చేరేలోపే మూడు పెరటి తలుపులు మూసుకున్నాయి.