ఏలియమ్మ చేచి నేర్పిన హిందీ

నిన్న మధ్యాహ్నం పక్కింటి టీవీలో ఏదో హిందీ సినిమా. గోడ అవతల ఒక తల్లి కొడుకు పేరు పెట్టి ఏడుస్తోంది, వెనక వయొలిన్లు. బియ్యం ఏరుతున్న నా చేయి ఆగింది. ఏలియమ్మ చేచి ఉంటే ఈపాటికి నవ్వేది.

చేచి అంటే మలయాళంలో అక్క. ఆమెది కేరళలోని కొట్టాయం. సౌదీలోని తాయిఫ్‌లో నేను పనిచేసిన ఇంట్లో వంట ఆమెది, ఊడ్చి తుడిచే పని నాది. 1988 డిసెంబరులో నేను చేరేనాటికే ఆమె అక్కడ పాత మనిషి. అప్పట్లో ఆ దేశంలో సినిమాహాళ్లు లేవు. శుక్రవారం ఇంటివాళ్లు బయటికి వెళ్లాక, చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసే మలయాళీ ఆడవాళ్లు మా వెనక గదికి చేరేవారు. మలయాళం క్యాసెట్టు దొరకని వారం హిందీది పెట్టేవారు. కథ నడిచినంతసేపూ వెక్కిరింపులే. "మా సినిమాలో అయితే ఈ తల్లి ఈపాటికి లేచి కంజి కాచుకునేది" అనేది చేచి. పాట రాగానే మాత్రం అందరూ మాటలాపేవారు. అర్థం తెలియని ముక్కలను కూడా పొల్లు పోకుండా పాడేవారు. నా హిందీ అంతా ఆ గదిలో నేర్చుకున్నదే.

నా రెండేళ్ల ఒప్పందం 1990 డిసెంబరుతో ముగిసింది. రాజంపేటలో అక్క దగ్గర వదిలి వచ్చిన నా కూతురికి అప్పటికి ఐదేళ్లు. జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైంది. నా పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. ఆ యజమాని ఒప్పుకోనిదే దేశం దాటడానికి ఎగ్జిట్ వీసా రాదు. అరబ్బీ నాకు పని మాటల వరకే వచ్చు. అందుకని ఆ ఇంటి పాకిస్తానీ డ్రైవర్‌ని మధ్య పెట్టుకుని, సినిమాలో చూసినట్టే మోకాళ్ల మీద పడి, తలగుడ్డ చాచి, హిందీలో తల్లి మమత, దేవుడు, రక్తబంధం అన్నీ వల్లించి ఏడ్చాను. డ్రైవర్ తల దించుకున్నాడు. కఫీల్ కంగారుపడి, నాకేదో జబ్బు చేసిందనుకుని, పడుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

చేచి ఈసారి నవ్వలేదు. "ఏం పని చేశావు మోళే!" అంది, కూతుర్ని పిలిచినట్టు.

"ఏం జేసేది చేచీ? ఏడిస్తేనన్నా ఇంటాడేమో అనుకుంటి."

"సినిమాలో ఏడిస్తే తలుపు తెరుచుకుంటుంది. అట్లా రాసిపెట్టినవాడు ఒకడుంటాడు. నీకెవరు రాశారు? ఎప్పుడొచ్చావు, ఒప్పందం ఎప్పుడు అయిపోయింది, ఎవరి దగ్గరికి పోవాలి. అంతే చెప్పు."

చెప్పాను. గొంతు వణికింది. "మళ్లీ" అంది. ఉల్లిపాయలు తరుగుతూనే, వణుకు పోయేదాకా చెప్పించింది.

మర్నాడు నిలబడి చెప్పాను. డ్రైవర్ అంతే పొడిగా అరబ్బీలో చెప్పాడు. కఫీల్ యుద్ధం ఆగాక పంపుతానన్నాడు. ఏప్రిల్‌లో పాస్‌పోర్టు నా చేతికి వచ్చింది.

చేచి ఒప్పందం నాకంటే ముందే ముగిసిందని బయలుదేరే రోజున తెలిసింది. "మరి నువ్వెందుకు అడగలేదు?" అన్నాను.

"ఇద్దరం కలిసి అడిగితే ఇద్దరినీ ఆపుతారు. నీ బిడ్డ చిన్నది. పో."

ఆ తర్వాత ఆమె సంగతి నాకు తెలియలేదు. ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్లినా తేదీ చెప్పి, పని చెప్పి నిలబడతాను. గట్టి మనిషినంటారు. అలసిపోయిన మనిషిని, అంతే. పని అయ్యి కాగితం చేతికి వచ్చాక మాత్రం, నా వెనక వరుసలో ఎవరున్నారో ఒకసారి తిరిగి చూస్తాను.