మడతపెట్టిన మాట

మలికిపురం సెంటర్లో రెండువేల అయిదు ప్రాంతంలో నెట్ ఫోన్ల కొట్టు నడిపిన ఎలీషా, కోడెక్ అనే సాఫ్ట్‌వేర్ గురించి చెప్పనిదే ఎవరికీ హెడ్‌ఫోన్ ఇచ్చేవాడు కాదు. "అది మాటని మడతపెట్టి పంపుద్దండీ, అక్కడ విప్పుద్ది. లైసెన్సు కట్టి మరీ తెచ్చేను," అంటూ కళ్ళజోడు తుడుచుకునేవాడు. ఓ రోజు ఆ కొట్టుకొచ్చి ఫోన్ చేసిన నాగదుర్గని, కువైట్ నుంచి ఆమె భర్త, "పని మానేసి వచ్చేయనా?" అని అడిగాడు. ఆమె అవునన్నట్టు, మెల్లగా "ఆయ్" అంది. "పలకవేం? వచ్చేయనా?" అన్నాడు. మళ్ళీ "ఆయ్" అంది. "అర్థమైందిలే, రాను," అని పెట్టేశాడు. ఆమె ఏడుస్తూ సంగతి చెబితే ఎలీషా సెట్టింగులు చూసి నెత్తి కొట్టుకున్నాడు. లైను ఆదా కోసం నిశ్శబ్దాన్ని పంపకుండా వదిలేసే ఆ కోడెక్, ఆమె చిన్న గొంతునూ నిశ్శబ్దమే అనుకుంది.

"లైసెన్సు కొని మరీ మీ నోరు నొక్కేసేనండీ. నా అంత తెలివైనోడు కోనసీమలోనే లేడు," అని, ఊరికే దొరికే పాత కోడెక్ పెట్టి మళ్ళీ కలిపాడు. అది లైనంతా మింగేయడంతో పక్కవాళ్ళ కాల్స్ తెగిపోయాయి. వాళ్ళు ఎలీషా మీదికి లేచారు. "ఇందాకట్నించీ ఆయ్ అంటానే ఉన్నానండీ," అంది నాగదుర్గ. "అయితే వచ్చేస్తున్నానే!" అన్న కేక హెడ్‌ఫోన్ దాటి గదంతా వినిపించింది. తిట్టడానికి లేచినవాళ్ళు నవ్వుతూ కూర్చున్నారు.