బియ్యం డ్రమ్ములోంచి పిలుపు

పొద్దున కొల్లూరులో మీ అత్తవాళ్ల కొత్త ఫ్లాటు చూడటానికి వెళ్లామా, గేటు దగ్గర వాచ్‌మన్ నడుముకున్న వాకీటాకీ గరగరమనగానే నా చెయ్యి దానంతటదే నా నడుము దగ్గరికి పోయింది. నువ్వు చూసి నవ్వావు. "ఏంది నానమ్మా, నువ్వు గూడ డ్యూటీల ఉన్నవా?" అన్నావు. ఉన్నానమ్మా, రెండేళ్లు ఉన్నాను. రాసుకో మరి. అక్కర్లేనివి వదిలేసి రాయి. కానీ ఏది అక్కర్లేదో నాకు మాత్రం చెప్పకు.

అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. కర్దనూర్‌లో మన ఇంటికీ చేనుకూ మధ్య కిలోమీటరు కూడా ఉండదు, కానీ ఆ కాస్త దూరంలోనే రేకుల షెడ్లు వరసగా లేచాయి. మీ తాత ఫోను ఇంట్లో పడేసి చేనుకు పోయేవాడు. జేబులో ఫోనుంటే చాలు, "పెద్దాయనా, జాగ ఇస్తవా?" అని గంటకో బ్రోకరు. ఆయనకేమో షుగరు. పొద్దున సూది వేసుకున్న మనిషికి మధ్యాహ్నం వేళకు ముద్ద పడాలి, లేకపోతే చెమటలు పట్టి చేతులు వణికి కళ్లు తిరుగుతాయి. ఒకసారి అట్లాగే గడపలో కూలబడ్డాడు. అందుకని సుల్తాన్‌పూర్‌లో సిరంజీల ఫ్యాక్టరీలో స్టోర్ చూసే మీ నాన్న, లైసెన్సు అక్కర్లేని చిన్న వాకీటాకీ రేడియోలు ఒక జత పటాన్‌చెరులో కొనుక్కొచ్చాడు, ఒకటి ఆయన నడుముకు, ఒకటి నా నడుముకు. పెట్టె మీద ఐదు కిలోమీటర్లని రాసి ఉంది. "అది ఖాళీ మైదానంల అమ్మా. నడుమ షెడ్లుంటే గంత దూరం పోదు. యాంటెన్నా నిలువుగ పట్టుకో, వినొస్తలేదంటే మిద్దెక్కు. ఎంత ఎత్తుకు పోతె అంత మంచిది" అన్నాడు.

యాంటెన్నా అంటే ఆ నల్లటి తోక. నేను మొదట దాన్నే పట్టుకుని ఎత్తేదాన్ని, ఎలకను ఎత్తినట్టు. పక్కనున్న మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. మాకేమో ఇద్దరికీ నొక్కడమే తెలుసు. మొదటి రోజు ఆయన వాకిట్లో, నేను వంటింట్లో. "ఇంటున్నవా?" అంటే ఆ మాట రేడియోలో కంటే ముందు గోడ మీదుగానే వచ్చింది. కానీ ఒకటి చెప్పాలి. నలభై ఏళ్ల కాపురంలో నేను చెప్పేది అయ్యేదాకా మీ తాత ఆగడం అప్పుడే చూశాను. నేను మీట వదిలితే గానీ ఆయనకు వంతు రాదు కదా!

ఇక మన ఇంట్లో విలువైనదేదైనా ఎక్కడికి పోతుందో నీకు తెలుసు. పట్టా పాసుపుస్తకం, నా గొలుసు, మీ నాన్న పదో తరగతి మెమో, అన్నీ స్టీలు బియ్యం డ్రమ్ములోకే. మా అత్త అట్లాగే చేసేది, నేనూ అట్లాగే చేశాను. ఒకరోజు గాలికోసం తలుపు తీసిపెట్టి నడుం వాల్చుదామనుకున్నాను. ముందు గదుల్లో కిరాయికున్న ఫ్యాక్టరీ పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. రేడియో బయట ఎందుకని, ఆన్ చేసే ఉంచి, గుడ్డలో చుట్టి, బియ్యం మీద పెట్టి మూత వేశాను. పిలిస్తే వినపడుతుందిలే అనుకున్నాను. మీ తాత ఒంటిగంటకు అన్నానికి వస్తానన్నాడు. ఆయన ఒంటిగంట ఎప్పుడూ గంట ఆలస్యమే. నాకు కునుకు పట్టింది.

లేచేసరికి మూడు. అన్నం గిన్నె మూత తీయకుండా అట్లాగే ఉంది. నిద్రమత్తులో రేడియో సంగతే మరిచి, రాత్రికి బియ్యం ఏరుకుందామని డ్రమ్ము మూత ఎత్తానో లేదో, లోపలి నుంచి "...న్నవా... ఇంటు..." అని మనిషి గొంతు. బియ్యంలోంచి! భయంతో మూత మళ్లీ వేసేశాను. గొంతు ఆగిపోయింది. అప్పుడు వెలిగింది నాకు, ఓ గంట నుంచి ఆయన పిలుస్తూనే ఉండి ఉంటాడని.

ఈ నొప్పుల మోకాళ్లతో మిద్దె ఎట్లా ఎక్కానో నాకే తెలియదు. తోక ఆకాశానికి నిలబెట్టి నొక్కాను.

"ఏడున్నవయ్యా?"

"గెట్టు మీదికెల్లి జారిన. కాలు మెలిపడ్డది, లేవొస్తలేదు. ఎప్పటిసంది పిలుస్తున్ననే!"

"చేతులు వణుకుతున్నయా? చెమటలొస్తున్నయా? జేబుల చక్కెర లేదా? ఎన్నిసార్లు చెప్పిన పెట్టుకొమ్మని..." అని తిడుతూనే ఉన్నాను, మీట వదలకుండా. వదిలేసరికి ఆయన చెప్పిందంతా అయిపోయి, చివరి ముక్క ఒక్కటే వినబడింది: "...కండ్లు మూసుకపోతున్నయే."

పక్కింటి మరిదిని కేకేశాను. బెల్లం ముక్క, నీళ్ల సీసా ఇచ్చి బండి మీద పంపాను. నేను మాత్రం మిద్దె దిగలేదు. "పండకు, ఏదన్న ఒకటి చెప్పు" అన్నాను. "ఏం చెప్పాలె?" అన్నాడు. "ఏదన్న. బ్రోకర్లను తిట్టు." తిట్టాడు. ఇద్దరిని తిట్టాడు. మూడోవాడి దగ్గర గొంతు సన్నబడి ఆగిపోయింది. నేను నొక్కాను, వదిలాను, మళ్లీ నొక్కాను. షెడ్ల రేకుల మీద ఎండ మెరుస్తోంది, వాటి వెనక మన చేను కనబడదు. అంత ఖాళీ శబ్దం నేనెప్పుడూ వినలేదు బిడ్డా.

తర్వాత మరిది గొంతు వచ్చింది. "వదినె, దొరికిండు. బెల్లం నములుతుండు. నిన్నే తిడుతుండు!"

అక్కడే పిట్టగోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. తిడుతున్నాడంటే ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం కాలికి కట్టు కట్టించుకుని వచ్చిన మనిషి, యాంటెన్నా ఖరాబైందని మీ నాన్నతో వాదన. మీ నాన్న దాన్ని తిప్పి తిప్పి చూస్తుంటే నేనే ఒప్పుకున్నాను. మీ నాన్న తల పట్టుకున్నాడు. "మూతేసిన స్టీలు డబ్బలకు సిగ్నల్ రాదే అమ్మా!" మీ తాత నా వైపు తిరిగాడు. "అంటే నన్ను బియ్యంల పెట్టి మూతేసినవన్నట్టు" అన్నాడు. నవ్వాడు, నేనూ నవ్వాను, కానీ నాకు కళ్ల నీళ్లు ఆగలేదు.

ఇదిగో, పక్కగదిలోంచి ఆయనే అంటున్నాడు, "గంట కాదు, రొండు గంటలు పిలిచిన, సక్కగ రాయమను" అని. రాయి, రెండు గంటలే. పెళ్లినాటికి ఆయన నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆ మధ్యాహ్నం నాకు నిద్రలో లెక్కకు రాని రెండు గంటలు ఆయన ఒక్కడే పిలుస్తూ గడిపాడు; అప్పటి నుంచి ఆరేళ్ల రెండు గంటలు పెద్ద.