దక్షిణపు దర్వాజ

బయలుదేరేటప్పుడే కోపంగా ఉన్నాను. తిరిగొచ్చేసరికి అది రెట్టింపైంది. కాబట్టి అందమైన వర్ణనల కోసం చూసేవారు ఇక్కడే ఆగిపోవచ్చు.

ముందురోజు సుగుణ ఫోన్ చేసింది. నాచారంలో పక్కపక్క వాటాల్లో అద్దెకున్నప్పటి స్నేహం మాది. తర్వాత ఆమె, భర్త ఉప్పల్ పాత ఊళ్లోని సొంత ఇంటికి మారారు. ఆమె మామగారి తాత ధాన్యం వ్యాపారం చేసి కట్టించిన ఇల్లది. బజారు వైపు గదిలో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టుకుంది. "ఇల్లు కూలగొడ్తరట అక్కా. ఒక్కసారి వచ్చి సూసిపో. మా మరిదికి నువ్వన్నా జెప్పు" అంది.

తొమ్మిదిన్నరకు ఏఎస్ రావు నగర్‌లో బస్సెక్కాను. నాచారంలో ఫ్యాక్టరీల వాళ్లు దిగేదాకా సీటు దొరకలేదు. పక్కనున్నాయన ఎక్కడికని అడిగితే పాత ఇల్లు చూడ్డానికన్నాను. "ఉప్పల్ల పాత ఇండ్లా? జర జల్ది పోండ్రి. జాగల రేట్లు సూస్తే ఏదీ మిగిలెటట్టు లేదు" అన్నాడు. హబ్సిగూడ దగ్గర మెట్రో కోసం రోడ్డంతా తవ్విపెట్టారు. ఉప్పల్‌లో దిగేసరికి పదకొండు కావస్తోంది.

పూర్వం చూసినప్పుడు ఆ ఇల్లు ఎలా ఉండేదో చెబుతాను. బజారుకు ఉత్తరాన ఉంది, ముఖం దక్షిణానికి. బండి మీది బస్తాను నేరుగా జరపగలిగేంత ఎత్తులో రెండు అరుగులు. వాటి మధ్య టేకు దర్వాజ, చౌకట్టు నిండా చిలుకలూ తామరలూ. లోపల కొట్టు గది, దాని వెనక చుట్టూ వసారాలతో, నడుమ ఆకాశం కనిపించే ముంగిలితో భవంతి. తూర్పున మాత్రం కిటికీ కూడా లేని, రెండు మూరల మందమున్న డంగుసున్నం గోడ. మిద్దె దూలాలన్నీ దాని మీదే ఆని ఉన్నాయి. కట్టినవాళ్లు తెలిసే దాన్ని గుడ్డిగోడగా వదిలారు.

ఈసారి వెళ్తే దర్వాజ ఉండాల్సిన చోట సిమెంటు ఇటుకలు ఉన్నాయి. లోపలికెలా వెళ్లాలో తెలియక అరుగు మీద నిలబడ్డాను. పక్క సందులోంచి సుగుణ పిలిచింది. ఆ తూర్పు గోడనే పగలగొట్టి ఇనుప తలుపు బిగించారు. పెకలించిన దర్వాజ భవంతిలో గోడకు చేరేసి ఉంది.

ఆమె మరిది రమేశ్ ప్లాట్ల వ్యాపారం మందగించిందట. వాస్తు సిద్ధాంతిని పిలిస్తే తప్పంతా దక్షిణపు దర్వాజదని తేల్చాడట. ఆ దర్వాజలోంచే తరతరాలు వ్యాపారం చేసి బాగుపడ్డారన్న సంగతి ఆ పెద్దమనిషికి ఎవరూ చెప్పినట్టు లేదు. గోడ పగిలాక దూలం జారింది, వానలకు మిద్దె కారింది. చివరికి శిథిలమైన ఇల్లు, కూల్చాలని మున్సిపల్ ఆఫీసు వాళ్లు నోటీసు అంటించారు.

"బజారు దిక్కు దారి మూసేస్తే నా గిరాకీ ఏడికెల్లొస్తది అక్కా? సందులకు ఎవరొస్తరు?" అంది సుగుణ. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

రమేశ్ వచ్చి నమస్తే పెట్టాడు. నేను నోరు ఆపుకోలేదు. "ఇల్లు కూలుతోందా, నువ్వు కూలగొట్టావా?" అని అడిగాను.

"నేనేం జేస్త అక్కా. దక్షిణం మాకు అచ్చిరాలేదు."

"మీ ముత్తాతకు అచ్చొచ్చిందిగా?"

"అప్పటి రోజులు వేరు" అన్నాడు. వసారాలో కూర్చున్న సుగుణ భర్త ఏదో అంటాడేమోనని చూశాను. తమ్ముడి ముందు తల ఎత్తలేదు. నాకు రమేశ్ కంటే ఆయన మీదే ఎక్కువ మండింది.

సుగుణ జొన్నరొట్టెలు పెట్టింది. తింటుండగానే సందులో ట్రాలీ ఆటో ఆగింది. దర్వాజ కొన్నాయన దిగాడు, అన్నోజిగూడలో హోటల్ నడుపుతాడు. దర్వాజ గడప మీద శుక్రవారం రాసిన పసుపు ఇంకా ఉంది. దాన్ని వేలితో గీకి, "గిది రుద్దితే పోతది గద?" అన్నాడు. సుగుణ లేచి లోపలికెళ్లిపోయింది.

దీన్ని ఎక్కడ పెడతారని అడిగాను. "హోటల్ ముంగట్నే మేడం. జనం ఫోటోలు దిగుతరు."

"ఏ దిక్కుకు?"

"దక్షిణమే. హైవే అటే ఉన్నది. గిరాకీ ఎటుంటే దర్వాజ అటే పెట్టాలె గద."

రమేశ్ వైపు చూశాను. వినబడనట్టు దర్వాజకు తాడు బిగిస్తున్నాడు.

నాలుగింటికి బయలుదేరాను. సుగుణ బస్టాపు దాకా వచ్చింది. "నాచారంల ఒక అర్ర సూడు అక్కా. మిషను ఆడ ఏసుకుంట. ఏ దిక్కైనా సరే, రోడ్డుకుండాలె" అంది. ఈ ఇల్లు చూడాలనుకునే పాఠకులకు ఉప్పల్ దారి చెప్పి లాభం లేదు. ఘట్‌కేసర్ బస్సెక్కి అన్నోజిగూడలో దిగండి. అక్కడి చాయ్ నేను మాత్రం తాగను.

ఇంటికి పోకుండా నాచారంలో దిగి అద్దె బోర్డులు చదువుతూ నడిచాను. ఏ బోర్డు చూసినా తూర్పు ముఖమని పెద్ద అక్షరాలే. కోపంతో కాళ్ల నొప్పి కూడా తెలియలేదు. ఒక ఇంటావిడను రోడ్డు వైపు గది ఉందా అని అడిగాను.

"ఉన్నది గని దక్షిణం మొఖం. ఎవ్వరూ తీసుకుంటలేరు. మస్తు దినాల సంది ఖాళీ" అంది, తనే తప్పు చేసినట్టు గొంతు తగ్గించి.

"తాళం తియ్యండమ్మా, మాకు అదే కావాలి" అన్నాను.